గ్రాఫిక్స్ కార్డు: లోపాల నిర్ధారణ, బ్రాండ్ల విశ్వసనీయత (కర్నూలు, కడప ప్రాంతాలు)

గ్రాఫిక్స్ కార్డు కంప్యూటరు తెర మీద కనిపించే బొమ్మను లెక్కగట్టి మానిటరుకు అందించే విడి బోర్డు. డెస్క్‌టాప్ మీద ఆటలు ఆడేవారి యంత్రంలో సాధారణంగా ఎక్కువ ఖరీదైన భాగం ఇదే. ఎక్కువ కరెంటు తీసుకునేది, ఎక్కువ వేడెక్కేది కూడా ఇదే. కార్డులో తలెత్తే లోపాలు, వాటిని గుర్తించే పద్ధతులు, తయారీదారుల విశ్వసనీయతను పోల్చడంలోని చిక్కులు ఈ వ్యాస విషయం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనకు ముందున్న కర్నూలు, కడప జిల్లాల హద్దులనే ఇక్కడ పరిధిగా తీసుకున్నాం. కాబట్టి నంద్యాల, రాజంపేట, రాయచోటి ప్రాంతాలు కూడా ఇందులో చేరతాయి.

నిర్మాణం

కార్డు నడిబొడ్డున ఉండే చిప్పును జీపీయూ అంటారు. దాని చుట్టూ మెమరీ చిప్పులు, వాటి పక్కన విద్యుత్తును సరిచేసే విభాగం ఉంటాయి. కంప్యూటరు విద్యుత్ సరఫరా పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 12 వోల్టులను ఈ విభాగం సుమారు 1 వోల్టుకు దించి, పెద్ద కార్డుల్లో వందల ఆంపియర్ల కరెంటుగా చిప్పుకు అందిస్తుంది. మాస్‌ఫెట్లు, కాయిళ్లు, కెపాసిటర్లు ఈ విభాగానివే. కాలిపోయిందని తెచ్చిన కార్డుల్లో మరమ్మతుదారుడు మొదట మల్టీమీటరు పెట్టి చూసేది ఇక్కడే. వీటన్నిటి మీద లోహపు రెక్కల హీట్‌సింకు, ఫ్యాన్లు బిగించి ఉంటాయి. చిప్పుకూ హీట్‌సింకుకూ మధ్య థర్మల్ పేస్టు, మెమరీకీ హీట్‌సింకుకూ మధ్య థర్మల్ ప్యాడ్లు వేడిని దాటిస్తాయి.

మదర్‌బోర్డులోని పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు నుంచి కార్డు 75 వాట్ల వరకు తీసుకోవచ్చు. అంతకు మించి కావాలంటే విడి తీగలు కలపాలి. ఆరు పిన్నుల కనెక్టరు 75 వాట్లు, ఎనిమిది పిన్నులది 150 వాట్లు, 2022 తరువాతి పెద్ద కార్డులకు వచ్చిన పదహారు పిన్నుల కనెక్టరు గరిష్ఠంగా 600 వాట్లు ఇస్తాయి.

పెట్టె మీద సాధారణంగా రెండు పేర్లు కనిపిస్తాయి. చిప్పును రూపొందించే ప్రధాన సంస్థలు మూడు: ఎన్విడియా, ఏఎమ్‌డీ, ఇంటెల్. ఆ చిప్పును కొని బోర్డు, కూలరు, వారంటీ కలిపి అమ్మేవి వేరే కంపెనీలు. ఏసుస్, గిగాబైట్ ఎన్విడియా, ఏఎమ్‌డీ చిప్పులు రెండింటితోనూ కార్డులు చేస్తాయి. జోటాక్, గెలాక్స్, ఇన్నో3డీ ఎన్విడియా వైపు, సఫైర్, పవర్‌కలర్, ఎక్స్‌ఎఫ్‌ఎక్స్ ఏఎమ్‌డీ వైపు ఉంటాయి. బ్రాండ్ల పోలిక గురించిన వాదనల్లో సగం గందరగోళం ఈ రెండు పేర్లనూ కలిపేయడం వల్లే పుడుతుంది.

చరిత్ర

1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డిస్‌ప్లే అడాప్టర్లు అక్షరాలు, కొద్ది రంగుల బొమ్మలు చూపడానికే పరిమితం. 1996లో 3డీఎఫ్‌ఎక్స్ సంస్థ వూడూ కార్డుతో త్రిమితీయ ఆటలు ఇంటి కంప్యూటర్లకు చేరాయి. 1993లో మొదలైన ఎన్విడియా 1999లో జీఫోర్స్ 256ను విడుదల చేసి, ప్రపంచపు తొలి జీపీయూ అని ప్రచారం చేసింది. మరుసటి ఏడాది చివర్లో 3డీఎఫ్‌ఎక్స్ ఆస్తులను కొనుగోలు చేసింది. కెనడాకు చెందిన ఏటీఐని 2006లో ఏఎమ్‌డీ కొన్నది. ఇంటెల్ ఆర్క్ కార్డులు 2022లో వచ్చాయి.

రాయలసీమ పట్టణాల్లో చాలామందికి పీసీ ఆటలు 2000 తరువాతి నెట్ సెంటర్లలో పరిచయమయ్యాయి. అప్పటి యంత్రాలు మదర్‌బోర్డులో ఉన్న గ్రాఫిక్స్‌తోనే కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ నడిపేవి. విడి కార్డు అవసరం తరువాత రెండు వైపుల నుంచి పెరిగింది: ఒకటి ఆటలు, రెండోది చదువు. ఇడుపులపాయలో 2008లో మొదలైన రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం, కర్నూలులో 2015లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీడీఎమ్, అంతకు ముందునుంచీ ఉన్న ఇంజనీరింగు కళాశాలలు కలిసి కంప్యూటరు విడిభాగాలు కొనే విద్యార్థి వర్గాన్ని తయారుచేశాయి. ఒకే కార్డు పగలు ప్రాజెక్టుకు, రాత్రి ఆటకు పనికొస్తుంది. తల్లిదండ్రులకు చెప్పే కారణం మాత్రం ప్రాజెక్టే.

2020, 2021లలో క్రిప్టో నాణేల మైనింగు వల్ల కార్డుల ధరలు ప్రపంచమంతటా విపరీతంగా పెరిగాయి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం నాణెం మైనింగు అక్కర్లేని పద్ధతికి మారడంతో మైనింగుకు వాడిన కార్డులు పెద్దఎత్తున సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు వచ్చాయి (చూడండి: పాత కార్డులు).

ప్రాంతీయ పరిస్థితులు: వేడి

కర్నూలు, నంద్యాల, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 42 నుంచి 45 డిగ్రీలకు చేరడం మామూలే. కార్డుల సమీక్షలు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. గాలితో చల్లబడే కార్డు తన చుట్టూ ఉన్న గాలి కంటే ఎంత ఎక్కువ వేడెక్కుతుందనేదే స్థిరంగా ఉండే లెక్క. 25 డిగ్రీల గదిలో 70 చూపిన కార్డు, ఫ్యాన్ల వేగం మారకపోతే, 42 డిగ్రీల గదిలో 87 దగ్గరికి పోతుంది. కాంక్రీటు స్లాబు పగలంతా తీసుకున్న వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది కాబట్టి, ఆటలు సాగే రాత్రి పది పదకొండు గంటలప్పుడు కూడా గది చల్లబడి ఉండదు.

పరిమితి దాటగానే కార్డు కాలిపోదు. ఎన్విడియా 30 శ్రేణి కార్డులకు గరిష్ఠ పరిమితి 93 డిగ్రీలు, ఆర్‌టీఎక్స్ 4090కి 90. ఏఎమ్‌డీ ఇటీవలి కార్డుల్లో చిప్పులోని అతి వేడి బిందువుకు 110 డిగ్రీల వరకు అనుమతి ఉంది. ఆ అంచుకు చేరగానే చిప్పు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఎండాకాలంలో ఆట నత్తనడక నడిస్తే అది లోపం కాకపోవచ్చు, ఆత్మరక్షణ కావచ్చు. అయితే దీర్ఘకాలంలో వేడి ఆయువును తింటుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల విషయంలో పది డిగ్రీలు పెరిగితే ఆయువు సగమవుతుందన్నది ఇంజనీర్లు వాడే స్థూల సూత్రం.

ప్రాంతీయ పరిస్థితులు: దుమ్ము, నీరు

బేతంచెర్ల చుట్టూ బండల పాలిషింగు కర్మాగారాలు, యర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, ముద్దనూరు వద్ద రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం ఉన్నాయి. సున్నపురాయి పొడి, బూడిద చాలా సన్నని రేణువులు. హీట్‌సింకు రెక్కల మధ్య పేరుకుని గాలి దారిని మూసేస్తాయి. పాత మట్టి మిద్దెల్లో వేడి తక్కువైనా పైకప్పు నుంచి రాలే మట్టి అదే పని చేస్తుంది.

పొడి ప్రాంతం కావడంతో నీటితో నడిచే ఎయిర్ కూలర్లు ఇక్కడ బాగా పనిచేస్తాయి. చిక్కంతా వాటిలో పోసే బోరు నీళ్లతోనే వస్తుంది. లవణాలు ఎక్కువున్న ఆ నీటి తుంపర నేరుగా క్యాబినెట్‌లోకి పోతే బోర్డు మీద తెల్లని పొర కడుతుంది, లోహపు కాళ్లు తుప్పు పడతాయి. తుప్పు కనిపించిన కార్డుకు మన దేశపు సర్వీసు కేంద్రాలు తరచు వారంటీ నిరాకరిస్తాయి. కూలరు గాలి మనిషి మీదికి, గదిలోకి రావచ్చు గానీ క్యాబినెట్ ఆ దారికి అడ్డంగా ఉండకూడదు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ వరద కర్నూలు నగరాన్ని ముంచింది. అలాంటి బురదనీటిలో మునిగిన బోర్డు ఎండాక ఒకసారి పనిచేసినా నమ్మదగింది కాదు. చిప్పుల కింద ఇరుక్కున్న తేమ, మట్టి తరువాత నెమ్మదిగా తుప్పు పట్టిస్తాయి.

ప్రాంతీయ పరిస్థితులు: కరెంటు, ఎర్తింగు

రెండు జిల్లాలకూ విద్యుత్తు సరఫరా తిరుపతి కేంద్రంగా ఉన్న ఆంధ్రప్రదేశ్ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థది. ఇంటి సరఫరా 230 వోల్టులు. 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేసేలా తయారైన మంచి ఎస్‌ఎంపీఎస్‌కు తక్కువ వోల్టేజీ పెద్ద సమస్య కాదు. ఫ్రిజ్‌కు వాడే రిలే స్టెబిలైజరు దానికి అవసరం లేదు. హాని ఎక్కువగా కరెంటు పోయి తిరిగి వచ్చే క్షణంలో జరుగుతుంది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉన్నా, గ్రాఫిక్స్ కార్డుకు కావలసిన 12 వోల్టుల లైను మీద అంత ఇవ్వలేకపోవచ్చు.

యూపీఎస్ కొనేటప్పుడు మరో పొరపాటు జరుగుతుంది. 600 వీఏ అని రాసిన చిన్న యూపీఎస్ నిజంగా మోయగలిగేది సుమారు 360 వాట్లు. ఆట నడుస్తుండగా కరెంటు పోతే అది చేతులెత్తేస్తుంది. చదరపు తరంగం ఇచ్చే పాత ఇన్వర్టర్ల మీద కొన్ని కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు ఆగిపోతాయి.

క్యాబినెట్ ముట్టుకుంటే జుమ్మని షాకు కొట్టడం ఈ ప్రాంతంలో తరచు వినే ఫిర్యాదు. అది గ్రాఫిక్స్ కార్డు లోపం కాదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు, న్యూట్రల్‌ల నుంచి లోహపు పెట్టెకు రెండు చిన్న ఫిల్టరు కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తింగు లేకపోతే పెట్టె మీద సరఫరాలో దాదాపు సగం వోల్టేజీ నిలుస్తుంది, కరెంటు మాత్రం అతి స్వల్పం. అంతటితో పోదు. ఈ స్థితిలో ఉన్న కంప్యూటరుకు టీవీ నుంచి హెచ్‌డీఎమ్‌ఐ తీగ గుచ్చితే ఆ క్షణంలో కార్డు పోర్టు దెబ్బతినవచ్చు. రెండు యంత్రాలూ ఆపి, ప్లగ్గులు తీశాకే తీగలు కలపాలి.

సీమలో ఎర్తింగు గుంత ఉంటే చాలదు. మట్టిలో తేమ తగ్గేకొద్దీ దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. రాతి నేలల్లో మరీ ఎక్కువ. బొగ్గు, ఉప్పు వేసి తవ్విన గుంతకు ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండాలని పాత ఎలక్ట్రీషియన్లు చెప్పేది ఇందుకే.

లోపాల రకాలు

తెర అసలే రాకపోవడం మొదటి రకం. ఫ్యాన్లు తిరుగుతున్నా బొమ్మ ఉండదు. మదర్‌బోర్డు మీద వీజీఏ అని రాసిన చిన్న లైటు వెలుగుతుంది. పాత అవార్డ్ బయాస్ యంత్రాలైతే ఒక పొడవు, రెండు పొట్టి బీపులు వినిపిస్తాయి.

తెర మీద చారలు, రంగు చతురస్రాలు, మెరిసే చుక్కలు రావడం రెండోది. వీటిని ఆర్టిఫాక్ట్‌లు అంటారు. ఎక్కువగా మెమరీ చిప్పులు, వాటి అతుకులు, అతి వేడి కారణం.

మూడోది ఆట మధ్యలో తెర నల్లబడటం. నల్లబడి, ఫ్యాన్లు ఒక్కసారిగా గట్టిగా తిరిగితే విద్యుత్తు అందక కార్డు ఆగిపోయిందన్న అనుమానం బలపడుతుంది. నల్లబడి, రెండు మూడు సెకన్లకు ఆట మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తే అది విండోస్ చర్య. కార్డు మామూలుగా రెండు సెకన్లలోపు జవాబివ్వకపోతే విండోస్ డ్రైవరును తిరిగి మొదలుపెడుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో 4101 సంఖ్యతో ఆ నమోదు దొరుకుతుంది. డివైజ్ మేనేజర్‌లో కోడ్ 43 కనిపిస్తే పరికరమే సమస్య ఉన్నట్టు చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసిందని అర్థం. అది పాడైన డ్రైవరు వల్లా రావచ్చు, పాడైన చిప్పు వల్లా రావచ్చు.

సన్నగా కీచుమనే శబ్దం కాయిళ్ల కంపనం వల్ల వస్తుంది. చిరాకు తప్ప ప్రమాదం లేదు. ఫ్యాను గరగర బేరింగు అరుగుదల.

నిర్ధారణ క్రమం

కార్డును అనుమానించే ముందు కార్డు బయట ఉన్నవన్నీ చూడాలన్నదే ఈ పనిలో ప్రధాన సూత్రం. మానిటరు తీగ కార్డుకు కాక మదర్‌బోర్డు పోర్టుకు పెట్టి ఉండటం దుకాణాలకు వచ్చే ఫిర్యాదుల్లో అతి సాధారణం. తరువాత విద్యుత్ తీగలు. రెండు ఎనిమిది పిన్నుల సాకెట్లు ఉన్న కార్డుకు ఒకే తీగ చివరి రెండు కొనలు కాకుండా, ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు తీగలు ఇవ్వడం మేలు.

ప్రాసెసరులో సొంత గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసేసి యంత్రం నడిపి చూడాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటికి, రైజెన్ 5000 శ్రేణిలో జీ లేనివాటికి ఆ సౌకర్యం లేదు. కార్డును తీసి, బంగారు పూత కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి మళ్లీ గట్టిగా గుచ్చితే కొన్ని కేసులు అక్కడే ముగుస్తాయి. పెన్సిలు రబ్బరుతో రుద్దే అలవాటు మరమ్మతు దుకాణాల్లో ఉంది. పని జరుగుతుంది గానీ పొట్టు స్లాటులో పడకుండా చూడాలి. పొడి నెలల్లో స్థిర విద్యుత్తు ఎక్కువ కాబట్టి కార్డును అంచులతో పట్టుకోవాలి, ముందుగా ఎర్తింగు ఉన్న లోహాన్ని తాకాలి.

తెర మీద చారలు వస్తుంటే స్క్రీన్‌షాట్ తీసి ఫోనులో చూడటం తేలికైన పరీక్ష. స్క్రీన్‌షాట్‌లోనూ చారలుంటే తప్పు కార్డులోనో డ్రైవరులోనో ఉంది. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే మొదట మానిటరును, తీగను మార్చి చూడాలి, ఆ తరువాత కార్డు అవుట్‌పుట్ పోర్టును అనుమానించాలి. చారలు బయాస్ తెర మీద కూడా కనిపిస్తే డ్రైవరు నిర్దోషి.

డ్రైవరు అనుమానం ఉంటే సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాధనంతో పాతదాన్ని పూర్తిగా తుడిచి కొత్తది ఎక్కించాలి. ఆ సమయంలో ఇంటర్నెట్ తీసేయాలి, లేకపోతే విండోస్ తనకు తోచిన డ్రైవరును మధ్యలో దింపుతుంది. కొత్త డ్రైవరే కారణమైతే పాతదానికి వెళ్లాలి. 2010 మార్చిలో ఎన్విడియా విడుదల చేసిన 196.75 డ్రైవరు ఫ్యాన్ల నియంత్రణను దెబ్బతీసి కార్డులు వేడెక్కేలా చేయడంతో సంస్థ దాన్ని వెనక్కి తీసుకుంది.

వేడిని చూడటానికి జీపీయూ-జెడ్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాధనాలు సరిపోతాయి. సగటు ఉష్ణోగ్రతకూ అతి వేడి బిందువుకూ మధ్య తేడా ముప్పై డిగ్రీలకు చేరితే పేస్టు ఎండిపోయిందనో, హీట్‌సింకు సరిగా కూర్చోలేదనో అనుమానించాలి. మెమరీ తప్పులను ఓసీసీటీ పరీక్ష పట్టుకుంటుంది. ఫర్‌మార్క్ అనే భార పరీక్ష మామూలు ఆటల కంటే ఎక్కువ భారం వేస్తుంది. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో గంటసేపు నడిపితే అది పరీక్ష అనిపించుకోదు.

చివరి తీర్పు మాత్రం మార్పిడి పరీక్షదే. అనుమానిత కార్డును మంచి యంత్రంలో, మంచి కార్డును అనుమానిత యంత్రంలో పెట్టి చూడాలి. మొదటి దాంట్లో కార్డు బాగా పనిచేస్తే లోపం ఎస్‌ఎంపీఎస్‌దో మదర్‌బోర్డుదో. ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించడానికి కారణం, ఇటీవలి కార్డులు సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సమయం పాటు తమ సగటుకు రెండు మూడు రెట్లు లాగడం. 2022 నాటి ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఎస్‌ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపును 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలని నిర్దేశించింది ఇందుకే.

నిర్వహణ

దుమ్ము తీయడానికి చేతి బ్లోయరు చాలు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అతివేగంతో తిరిగి బేరింగు చెడుతుంది. పంక్చరు షాపు కంప్రెసరు గాలిలో నీటి చుక్కలు, నూనె ఉంటాయి కాబట్టి అది పనికిరాదు.

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాధనంతో ఏ బ్రాండు కార్డుకైనా విద్యుత్ పరిమితి తగ్గించవచ్చు. 80 శాతానికి దించితే చాలా కార్డులు కోల్పోయే వేగం కొద్ది శాతమే, తగ్గే వేడి మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. ఫ్రేములను సెకనుకు 60కి కట్టడి చేయడం ఇంకా సులభం. సీమ వేసవికి ఇంతకంటే చవకైన మందు లేదు.

మరమ్మతు

చిప్ లెవల్ పని అంటే బోర్డు మీద చెడిన భాగాన్ని వెతికి మార్చడం. షార్టయిన మాస్‌ఫెట్, కాలిన ఫ్యూజు, పాడైన ఫ్యాను మార్చడం నమ్మదగిన మరమ్మతులు. చిప్పు కింది సోల్డరు బంతులను మార్చడాన్ని రీబాలింగు, వేడి గాలితో కరిగించి మళ్లీ అతికించడాన్ని రీఫ్లో అంటారు. ఐరోపా సమాఖ్య 2006 జులై నుంచి ఎలక్ట్రానిక్స్‌లో సీసం వాడకాన్ని నియంత్రించాక సోల్డరు పదార్థాలు మారాయి, అతుకుల పగుళ్ల మీద చర్చ పెరిగింది. చాలా కేసుల్లో అసలు పగులు పెద్ద బంతుల్లో కాక, సిలికాను ముక్కకూ దాని పీఠానికీ మధ్య ఉన్న సూక్ష్మమైన అతుకుల్లో ఉంటుంది. వేడి చేస్తే కొన్ని వారాలో నెలలో పనిచేసి మళ్లీ ఆగుతుంది. కార్డును వంటింటి ఓవెన్‌లో పెట్టడం ఇదే పనికి మోటు రూపం. ఆహారం వండే చోట సోల్డరు ఆవిర్లు చేరతాయి కాబట్టి అది ఏ రకంగానూ సమర్థనీయం కాదు.

మూడు ఫ్యాన్ల బరువైన కార్డు స్లాటు దగ్గర వంగి, బోర్డులో సన్నని పగులు రావడం కొత్త తరం సమస్య. కింద ఆధారం పెట్టాలి. మరమ్మతుకో, హాస్టలుకో కంప్యూటరును బస్సు పార్సిలులో పంపేటప్పుడు కార్డును విప్పి విడి పెట్టెలో పెట్టాలి.

చిప్ సంస్థల విశ్వసనీయత

లోపాల చరిత్ర లేని చిప్ సంస్థ లేదు. 2008 జులైలో ఎన్విడియా తన ల్యాప్‌టాప్ చిప్పుల పదార్థ లోపం ఖర్చు కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయిస్తున్నట్టు ప్రకటించింది. 2015లో ఆపిల్ 2011 నాటి మాక్‌బుక్ ప్రోలను ఉచితంగా మరమ్మతు చేసింది, వాటిలోవి ఏఎమ్‌డీ చిప్పులు. 2016లో ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 480 స్లాటు నుంచి 75 వాట్లకు మించి తీసుకుంటోందని తేలితే డ్రైవరుతో సరిదిద్దారు. 2018లో కొన్ని ఆర్‌టీఎక్స్ 2080 టీఐ కార్డులు మొదట్లోనే చెడిపోయాయి. 2022 చివర ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ కార్డుల్లో, ఏఎమ్‌డీ సొంత డిజైనువి కొన్ని, వేడిని చేరవేసే వేపర్ ఛాంబరులో నీరు చాలక 110 డిగ్రీలు తాకాయి. అదే ఏడాది అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 పదహారు పిన్నుల కనెక్టర్లు కరిగిన ఘటనలు బయటపడ్డాయి. కనెక్టరు పూర్తిగా కూర్చోకపోవడం ప్రధాన కారణమని ఎన్విడియా చెప్పింది, 2023లో దాని రూపం మార్చారు. 2025 ఫిబ్రవరిలో ఆర్‌టీఎక్స్ 5090 వంటి కార్డుల్లో సుమారు 0.5 శాతానికి కొన్ని అంతర్గత యూనిట్లు తక్కువున్నట్టు ఎన్విడియా ఒప్పుకుని మార్చి ఇస్తామంది.

డ్రైవర్ల విషయంలో ఏఎమ్‌డీకి ఉన్న చెడ్డపేరు ముఖ్యంగా 2019, 2020 నాటి ఆర్‌ఎక్స్ 5700 నల్లతెరల కాలానిది. 2025 తొలి నెలల్లో ఎన్విడియా 50 శ్రేణి కూడా అలాంటి నల్లతెరలతోనే వరుసగా సవరణ డ్రైవర్లు విడుదల చేయాల్సి వచ్చింది. ఇంటెల్ ఆర్క్ కార్డులకు మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ సౌకర్యం ఉండాలి. పాత యంత్రంలో పెడితే వేగం బాగా పడిపోతుంది, దాన్ని లోపంగా పొరబడతారు.

కార్డు బ్రాండ్ల విశ్వసనీయత

బ్రాండ్ల వారీగా నమ్మదగిన లెక్కలు చాలా తక్కువ. ఫ్రాన్సులో హార్డ్‌వేర్.ఎఫ్ఆర్ అనే పత్రిక ఒక విక్రేత వాపసుల శాతాలను కొన్నేళ్లు ప్రచురించింది. అమెరికాకు చెందిన వర్క్‌స్టేషన్ తయారీదారు ప్యూజెట్ సిస్టమ్స్ తన అనుభవాన్ని ఏటా వెల్లడిస్తుంది. ఇవి చల్లని దేశాల లెక్కలు. పైగా అమ్మిన సంఖ్య తక్కువైన మోడల్‌లో రెండు మూడు వాపసులే శాతాన్ని పెంచేస్తాయి. తనకున్న ఒక్క కార్డు చెడిందనో చెడలేదనో చెప్పే మాట గణాంకం కాదు.

పెద్ద సంఖ్యలో కార్డులు నడిచే చోట నుంచి వచ్చిన సమాచారం ఇక్కడ ఎక్కువ ఉపయోగపడుతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల టైటాన్ సూపర్ కంప్యూటరులో 18,688 ఎన్విడియా జీపీయూలు ఉండేవి. గంధకం వల్ల చిన్న రెసిస్టర్లు తుప్పు పట్టి వేలాది కార్డులను మార్చాల్సి వచ్చింది. ర్యాకుల్లో ఎక్కువ వేడి తగిలే స్థానాల్లోని కార్డులు ముందు చెడినట్టు వాటి మీద జరిగిన అధ్యయనం చూపింది. మెటా సంస్థ 2024లో ప్రచురించిన వివరాల ప్రకారం 16,384 హెచ్100 జీపీయూలను 54 రోజులు నడిపితే అనుకోని అంతరాయాలు 419 వచ్చాయి. వాటిలో 148 జీపీయూ లోపాలు. అత్యంత ఖరీదైన కార్డులు, శీతలీకరించిన గదులు, నిపుణుల పర్యవేక్షణ ఉన్నచోట పరిస్థితి ఇది. ఒకే బ్రాండు కార్డుల్లోనే వాటి స్థానాన్ని బట్టి ఆయువు మారుతున్నప్పుడు, కర్నూలు మేడమీద గదిలో ఏ బ్రాండు మేలన్న ప్రశ్న కంటే ఆ గది ఎలా ఉందన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.

ఒకే కంపెనీలోని చవక, ఖరీదు మోడళ్ల మధ్య తేడా తరచు రెండు కంపెనీల మధ్య తేడా కంటే ఎక్కువగా ఉంటుంది. పేర్లు వేరైనా యజమాని ఒకరే కావచ్చు: జోటాక్, ఇన్నో3డీ రెండూ పీసీ పార్ట్‌నర్ గ్రూపువి, గెలాక్స్ పాలిట్ గ్రూపుది. మంచి వారంటీతో పేరుపొందిన ఈవీజీఏ 2022 సెప్టెంబరులో ఈ వ్యాపారం నుంచే తప్పుకుంది. కాబట్టి ఈ ప్రాంతపు కొనుగోలుదారు పోల్చదగినవి పెద్ద హీట్‌సింకు, వారంటీ కాలం, సర్వీసు కేంద్రం దూరం.

వారంటీ, వినియోగదారుల చట్టం

మన దేశంలో ప్రధాన బ్రాండ్లు సాధారణంగా మూడేళ్ల వారంటీ ఇస్తాయి. గడువులోగా నమోదు చేసుకుంటే జోటాక్ దాన్ని ఐదేళ్లకు పెంచుతుంది. కార్డుల సర్వీసు పెద్ద నగరాల మీదుగా నడుస్తుంది. కర్నూలుకు హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. కడపకు బెంగళూరు, చెన్నై రెండూ 250 పైమాటే. కొనుగోలు కూడా చాలావరకు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు, బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ వీధి నుంచో, ఆన్‌లైన్‌లోనో సాగుతుంది. బిల్లు లేకుండా 18 శాతం జీఎస్టీ తగ్గిస్తామనే దుకాణంలో కొంటే పోయేది పన్ను ఒక్కటే కాదు, వారంటీకి ఆధారం కూడా పోతుంది.

కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వలసలు ఎక్కువ. అక్కడి బంధువులతో కార్డు తెప్పించుకోవడం ఉంది. చాలా బ్రాండ్ల వారంటీ అమ్మిన దేశానికే పరిమితం, అలాంటి కార్డు చెడితే తిరిగి గల్ఫ్‌కే పంపాలి.

సేవ నిరాకరిస్తే 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వర్తిస్తుంది. వస్తువు ముంబైలో కొన్నా, కొన్నవారు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు. కార్డును సర్వీసుకు ఇచ్చేముందు రెండు వైపులా ఫోటోలు, క్రమసంఖ్య ఫోటో తీసి ఉంచుకుంటే, తరువాత గీతలు, కాలిన మచ్చల గురించి వివాదం వచ్చినప్పుడు ఆధారంగా పనికొస్తాయి.

పాత కార్డులు

మైనింగుకు వాడిన కార్డు తప్పనిసరిగా చెడ్డది కాదు. స్థిరమైన భారం మీద, తక్కువ విద్యుత్ పరిమితితో నడిచినదైతే చిప్పు బాగానే ఉంటుంది. అరిగేవి ఫ్యాన్లు, ఎండేవి మెమరీ ప్యాడ్లు. కొనేముందు అమ్మేవారి ఎదుటే అరగంట ఆట నడిపి, మెమరీ పరీక్ష చేసి, స్క్రూల మీద గీతలు, బోర్డు మీద తెల్ల పొర, స్లాటు కొక్కెం దగ్గర పగులు ఉన్నాయేమో చూడాలి. జీపీయూ-జెడ్ చూపే వివరాలు అసలు మోడల్‌తో సరిపోవాలి. పాత చిప్పు మీద కొత్త పేరు వచ్చేలా బయాస్ మార్చి అమ్మిన నకిలీ కార్డులను ఆ సాధనం చాలావరకు గుర్తిస్తుంది.

బాగు కాని కార్డును చెత్తలో వేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు దాని సేకరణ, రీసైక్లింగు బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి.